పందెం కారు మన వీధిలో పనికొస్తుందా?

(విజ్ఞాన వ్యాసం)

మన హాస్టల్లో భౌతికశాస్త్రం పుస్తకం తెరవగానే ఆవలించే తమ్ముళ్ళు కొందరున్నారు. అదే తమ్ముళ్ళ దగ్గర కార్ల సంగతి ఎత్తితే నిద్ర ఎగిరిపోతుంది. ఏ కారు పికప్ ఎంత, ఏ బండి ఎన్ని సెకన్లలో నూరు అందుకుంటుంది అన్నీ నోటికి చెబుతారు. వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఆ డ్రాగ్ పందేల్లో పరిగెత్తే కారును రోజూ రోడ్డు మీద నడుపుకోవచ్చా?" వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉన్నా, తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు మనం చదివే వేగం, త్వరణం, ఘర్షణ, శక్తి అన్నీ ఇందులో ఉన్నాయి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో దీన్ని ఒక పాఠంలా రాయాలనుకున్నాం.

మేము రాజయ్యపేట వాళ్ళం. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు అది. మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. హాస్టల్ అన్నం తిని పెరిగి ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. కాబట్టి ఎక్కడో అమెరికాలో తిరిగే కారు గురించి రాసినా, చివరకు దాన్ని మన ఊరి రోడ్డు మీదికే తెచ్చి చూస్తాం.

1. డ్రాగ్ పందెం అంటే ఏమిటి?

మలుపులు లేని తిన్నని దారిలో రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం పచ్చబడగానే బయలుదేరుతాయి. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో వాడకంలో లేని విమానాల రన్‌వేల మీద ఈ ఆట బాగా పెరిగింది. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అనే సంస్థను స్థాపించి దీనికి నియమాలు ఏర్పరచారు. వీధుల్లో పందేలు మాన్పించి కుర్రవాళ్ళను భద్రమైన చోటికి తీసుకురావడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఈ పందేల్లో అన్నిటికంటే పై తరగతిని 'టాప్ ఫ్యూయల్' అంటారు. 2008లో స్కాట్ కాలిట్టా అనే డ్రైవరు పందెంలో బండి ఆగక మరణించిన తరువాత ఈ తరగతికి దూరాన్ని 1000 అడుగులకు, అంటే సుమారు 305 మీటర్లకు తగ్గించారు. ఆ దూరాన్ని ఈ కార్లు 3.7 సెకన్లలో దాటేస్తాయి. చివర్లో వేగం గంటకు 530 కిలోమీటర్లు మించుతుంది.

ఇప్పుడు మన సూత్రం వాడదాం. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువుకు, దూరం = సగం × త్వరణం × కాలం × కాలం. 305ను రెట్టింపు చేసి 3.7 వర్గంతో భాగిస్తే సగటు త్వరణం సుమారు 44.5 వస్తుంది. గురుత్వ త్వరణం 9.8 కదా. అంటే చెట్టు మీది నుంచి రాలిన కొబ్బరికాయ కిందికి వేగం పుంజుకునే దానికంటే నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఈ కారు ముందుకు వేగం పుంజుకుంటుంది.

2. ఆ కారు రోడ్డుకు ఎందుకు పనికిరాదు?

ఒక్కొక్క భాగమే చూద్దాం.

ఇంధనం: ఇది పెట్రోలుతో నడవదు. ఇందులో ప్రధానంగా వాడేది నైట్రోమీథేన్. ఒక కిలో పెట్రోలు మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక కిలోకు 1.7 కిలోల గాలి చాలు. కిలో లెక్కన చూస్తే దీనిలో శక్తి పెట్రోలు కంటే తక్కువే. కాని ఇంజను పీల్చుకున్న అదే గాలితో ఎనిమిది రెట్లకు పైగా ఇంధనాన్ని మండించవచ్చు కాబట్టి చివరకు రెండింతలకు మించి శక్తి వస్తుంది. అందుకే ఆ ఇంజను సుమారు 11,000 హార్స్ పవర్ ఇస్తుందని అంచనా.

చల్లబరిచే ఏర్పాటు: దీనికి రేడియేటర్ ఉండదు. ఇంజను గోడల్లో నీరు పారే దారులు కూడా ఉండవు. లోపలికి కుమ్మరించే ఇంధనమే కొంత చల్లబరుస్తుంది. కొద్ది సెకన్ల పనికి అది చాలు. రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగాలంటే చాలదు. ప్రతి పరుగు తరువాత మెకానిక్కులు ఇంజను విప్పి, పాడైన భాగాలు మార్చి మళ్ళీ బిగిస్తారు.

గేర్లు: మన బండిలా ఒకటి, రెండు, మూడు అని గేర్లు లేవు. క్లచ్ ప్లేట్లు జారుతూ జారుతూ చివరకు గట్టిగా పట్టుకుంటాయి. నెమ్మదిగా పోవడం అనే పని దానికి నేర్పలేదు.

టైర్లు: వెనుక టైర్లు పెద్దవి, మెత్తనివి, గాడులు లేనివి. టైరు మీది గాడులు వాననీటిని పక్కకు తోయడానికి. అవి లేకపోతే తడి రోడ్డు మీద బండి నీటిపై తేలిపోతుంది. అందుకే చినుకు పడితే డ్రాగ్ పందెం ఆగిపోతుంది. మన వైపు తుఫాను పడితే ఆ కారు ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోవాలో మీరే ఊహించుకోండి.

ఆగడం: ఆ వేగం నుంచి ఆగడానికి చక్రాల బ్రేకులు మాత్రమే చాలవు. వెనుక పారాచూట్లు విప్పుతారు.

తిరగడం: ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 300 అంగుళాలు, అంటే ఏడున్నర మీటర్లు దాటుతుంది. మా ఊళ్ళో ఏ సందులోనూ అది మలుపు తిరగదు.

దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటంటే, ఆ కారు వేగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. రోడ్డు బండికి కావలసిన గుణాలను ఒక్కొక్కటిగా అమ్మి ఆ వేగాన్ని కొన్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బండలాగుడు పోటీలకు పెంచే ఒంగోలు ఎడ్లను చూడండి. వాటి మేత వేరు, సాధన వేరు. రోజూ నాగలి దున్నే ఎడ్లను ఎవరూ అలా మేపలేరు, పోటీ ఎడ్లను ఎవరూ రోజంతా దుక్కికి కట్టరు. మా ఊరి బోటు ఇంజను సంగతీ అంతే. వేట నుంచి వలతో, చేపలతో, మనుషులతో ఒడ్డుకు చేర్చేదే మంచి ఇంజను. నడిసముద్రంలో మొరాయించే ఇంజను ఎంత వేగంగా పోతేనేం?

3. మధ్యే మార్గం పట్టినవాళ్ళు

అయితే పందెమూ పరిగెత్తాలి, రోడ్డూ నడవాలి అని పట్టుబట్టినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో 2005 నుంచి 'హాట్ రాడ్ డ్రాగ్ వీక్' అనే పోటీ జరుగుతోంది. ఐదు రోజుల్లో వేర్వేరు ఊళ్ళలో పందెం పరిగెత్తాలి. ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి అదే కారును మామూలు రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్ళాలి. మొత్తం దూరం సుమారు 1000 మైళ్ళు. సామాను మోయడానికి వెనుక వేరే బండి రాకూడదు. 2019లో టామ్ బెయిలీ అనే ఆయన ఈ పోటీలో పావు మైలును 5.99 సెకన్లలో దాటారు.

చూశారా, నడవదన్న కారు నడిచింది. కాని ఎలా నడిచింది? పనిముట్లు, పందెం టైర్లు చిన్న ట్రాలీలో వెంట లాక్కుంటూ, పందెం దగ్గర ఒక రకంగా, రోడ్డు మీద మరో రకంగా ఇంజనును సర్దుకుంటూ. అది ఆ మనిషి ఓపికకూ నేర్పుకూ నిదర్శనం. ఆసుపత్రికి అర్ధరాత్రి బయలుదేరవలసిన అమ్మకు ఆ కారు పనికిరాదు. నడవడం వేరు, పనికిరావడం వేరు.

కంపెనీలు కూడా ప్రయత్నించాయి. 2017లో అమెరికా డాడ్జ్ కంపెనీ 'ఛాలెంజర్ డీమన్' అనే కారు ప్రకటించింది. రేసు ఇంధనం పోస్తే 840 హార్స్ పవర్. పావు మైలు 9.65 సెకన్లు. బరువు తగ్గించడానికి డ్రైవరు సీటు ఒక్కటే ఉంచి, మిగతా సీట్లు కావాలంటే అడిగి పెట్టించుకోమన్నారు! పదో సెకను లోపు దాటే కారులో డ్రైవరు చుట్టూ ఇనుప పైపుల పంజరం ఉండాలని అప్పట్లో పందెం సంస్థ నియమం. షోరూం నుంచి వచ్చిన కారులో అది లేదు. కాబట్టి రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న ఆ కారుకు, ఉన్నది ఉన్నట్టుగా డ్రాగ్ పందెంలో పరిగెత్తడానికి అనుమతి లేకపోయింది. పందెం పెద్దలే "పంజరం లేకుండా ఇంత వేగం వద్దు" అన్నారంటే వీధి మాట వేరే చెప్పాలా?

4. హైదరాబాదు నేర్పిన పాఠం

ఇప్పుడు మన తెలుగు నేలకు వద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ పందెం జరిగింది. ఇది తిన్నని దారి పందెం కాదు, 2.83 కిలోమీటర్ల మలుపుల దారిలో ఎలక్ట్రిక్ కార్ల పందెం. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. నగరం రోడ్ల మీదే పందెం కార్లు పరిగెత్తాయి కదా, ఇక వీధికి పనికొచ్చినట్టే కదా అని కొందరు అంటారు.

నిదానంగా ఆలోచించండి. ఆ రోజుల్లో ఆ రోడ్లకు మామూలు రాకపోకలు ఆపారు. ఇరువైపులా కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచెలు కట్టారు. బస్సులూ ఆటోలూ వేరే దారి పట్టాయి. కారు వీధికి తగినట్టు మారలేదు, వీధే కారుకు తగినట్టు మారింది. తోపుడు బండి, ఆటో, స్కూలు పిల్లలు లేని రోడ్డును మనం వీధి అనం, ట్రాక్ అంటాం.

ఆ పందెం సందర్భంగానే హైదరాబాదులో ఇంకొక కారును చూపించారు. దాని పేరు పినిన్‌ఫరీనా బాటిస్టా. మన మహీంద్రా వారి ఇటలీ సంస్థ తయారు చేసిన ఎలక్ట్రిక్ కారు. 1,900 హార్స్ పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 1.86 సెకన్లు. అదే 2023లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ వాహన పరీక్షా కేంద్రంలో ఇది పావు మైలును 8.55 సెకన్లలో దాటింది. ఇది పందెం కోసం మాత్రమే చేసిన కారు కాదు. రెండు సీట్లు, ఏ.సి. ఉన్న, రోడ్డు మీద నడిపే కారు. ఒకసారి చార్జింగ్ చేస్తే 476 కిలోమీటర్ల వరకు వస్తుందని కంపెనీ లెక్క.

ఇదెలా సాధ్యమైంది? పెట్రోలు ఇంజనుకు గట్టి బలం రావాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. అలా ఎక్కువ చుట్ల కోసం చేసిన ఇంజను తక్కువ చుట్ల దగ్గర దగ్గుతుంది, ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. ఎలక్ట్రిక్ మోటారుకు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఉంటుంది. కారు ఆగితే మోటారూ ఆగుతుంది. 20 కిలోమీటర్ల వేగంతో పోవలసి వస్తే బుద్ధిగా పోతుంది. కాబట్టి రెండో విభాగంలో చెప్పిన ఇంధనం, చల్లదనం, గేర్ల బాధలు చాలావరకు తీరిపోయాయి.

కనుక ప్రశ్నకు మొదటి జవాబు ఇది: యంత్రం వరకు చూస్తే, అవును, డ్రాగ్ కారంత వేగమున్న కారు ఈనాడు వీధిలో నడవగలదు. ధర కోట్లలో ఉన్నా, ఈ రోజు కోట్లలో ఉన్న సాంకేతికం రేపు లక్షల్లోకి, ఆ తరువాత మన ఎలక్ట్రిక్ స్కూటరులోకి వస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

5. మారనివి మూడు

యంత్రం మారినా మూడు విషయాలు మారలేదు.

మొదటిది, ఘర్షణ. బండిని ముందుకు తోసేది ఇంజను కాదు, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ. ఘర్షణ గుణకం 1 అనుకుంటే త్వరణం 9.8 కంటే పెరగదు. ఆ లెక్కన 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కనీసం 2.8 సెకన్లు పడుతుంది. దానికంటే త్వరగా కావాలంటే ప్రత్యేకమైన టైర్లు, శుభ్రమైన గట్టి దారి కావాలి. డ్రాగ్ ట్రాక్ మీద జిగురు పదార్థం చల్లి, టైర్లను గిర్రున తిప్పి వేడి చేసి మరీ అంటుకునేటట్టు చేస్తారు. మా ఊరి రోడ్డు మీద ఉండేది ఇసుక. ఇసుక మీద అదే బలం చూపిస్తే బండి ముందుకు కాదు, పక్కకు పోతుంది.

రెండవది, మనిషి. ప్రమాదం చూసిన కంటికీ బ్రేకు తొక్కే కాలికీ మధ్య సుమారు ఒక సెకను పోతుంది. ఆపైన బండి ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మంచి పొడి రోడ్డు, ఘర్షణ గుణకం 0.7 అనుకుని లెక్క కట్టాం. 50 కిలోమీటర్ల వేగంలో మొత్తం 28 మీటర్లకు ఆగుతుంది. 100 దగ్గర 84 మీటర్లు. 160 దగ్గర 188 మీటర్లు. కారు ధర ఎంతైనా ఈ లెక్క పెద్దగా మారదు. త్వరణానికి మోటారు పెంచవచ్చు, ఆగడానికి మాత్రం రోడ్డు పట్టు ఎంత ఉంటే అంతే.

మూడవది, రోడ్డు దాటేవాళ్ళు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందుకే మేము ప్రత్యేకంగా లెక్క కట్టాం. ఐదున్నర మీటర్ల వెడల్పున్న రోడ్డును ఒక పాప సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిచి దాటడానికి 4.6 సెకన్లు కావాలి. 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ సమయంలో 204 మీటర్లు వస్తుంది. అంటే ఆ పాప అటూ ఇటూ చూసి, రెండు వందల మీటర్ల వరకు రోడ్డు ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, నియమం ప్రకారం అడుగు వేసినా సరే, దాటేలోపు బండి మీదికి వస్తుంది. తప్పు ఆ పాపది కాదు. మన ఊళ్ళలో చిన్నప్పటి నుంచి అందరూ నేర్చుకున్న "చూసి దాటు" అనే పాఠమే ఆ వేగం దగ్గర అబద్ధమైపోతుంది.

నక్కపల్లి దగ్గర జాతీయ రహదారి 16 దిగి మా ఊరి వైపు వచ్చే దారిలో ఏముంటాయి? చేపల గంపలతో ఆటోలు, మేకలు, సైకిళ్ళ మీద బడి పిల్లలు, నెత్తిన తట్టతో నడిచే ఆడవాళ్ళు. ఆ రోడ్డు వాళ్ళది కూడా. కాబట్టి ఒక బండి వీధికి పనికొస్తుందా లేదా అన్నది లోపల కూర్చున్నవాడు ఒక్కడే తేల్చేది కాదు. బయట నడుస్తున్నవాళ్ళను కూడా అడగాలి. మా దృష్టిలో ఈ ప్రశ్నకు రెండవ జవాబు, సరైన జవాబు, అదే. కారు పనికొస్తుంది, దాని వేగం పనికిరాదు.

పాత పందెం కారు వీధిలోకి రాకుండా దాని ఇబ్బందులే దానికి కంచె వేశాయి. ఇప్పుడు ఆ కంచె పోయింది. ఇక మిగిలింది నడిపేవాడి బుద్ధి, చట్టం.

6. తమ్ముళ్ళకు ఒక మాట

మనలో ఎవరూ బాటిస్టా కొనబోవడం లేదు. కాని పాత బైకు ఒకటి చేతికి రాగానే సైలెన్సర్ మార్చడం, అద్దాలు పీకేయడం, సెలవు రోజు రహదారి మీద పందెం కాయడం మనకు తెలియని సంగతులు కావు. మోటారు వాహనాల చట్టం, 1988 ఏం చెబుతోందో తెలుసుకోండి. 2019 సవరణ తరువాత, సెక్షన్ 189 ప్రకారం రోడ్డు మీద పందెం కాస్తే మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం సెక్షన్ 52 ఒప్పుకోదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. సాధారణ ఇన్సూరెన్సు పాలసీలో పందేలకు వాడకూడదనే షరతు కూడా ఉంటుంది.

చట్టం కంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. మనలో చాలామందిమి ఇంటికి మొదటి చదువరులం. అమ్మా నాన్నా కూలి డబ్బో వేట డబ్బో దాచి, స్కాలర్‌షిప్ కోసం కాగితాలు పట్టుకుని తిరిగి మనల్ని ఇక్కడి దాకా తెచ్చారు. మన ఒక్క కాలు విరిగితే ఆ ఇంట్లో ఒక తరం ఆగిపోతుంది.

అంటే వేగాన్ని ప్రేమించవద్దని కాదు. దానికి చోటు వేరే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర పందెం ట్రాక్‌లు ఉన్నాయి. అక్కడ లైసెన్సు తీసుకుని, హెల్మెట్, అంబులెన్సు, నియమాల మధ్య పరిగెత్తుతారు. అంతకంటే మనకు అందుబాటులో ఉన్న దారి చదువు. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే బండి తయారు చేసి పోటీ పడే 'బాహా' పోటీ మన దేశంలో 2007లో మొదలైంది. చాలా ఏళ్ళు పీతంపూర్‌లోనే జరిగింది. బాటిస్టా 8.55 సెకన్లు పరిగెత్తిన ఊరే అది. పదో తరగతి తమ్ముళ్ళు పాలిసెట్ రాసి డిప్లొమాలో ఆటోమొబైల్, మెకానికల్, ఎలక్ట్రికల్ తీసుకోవచ్చు. ఆ తరువాత ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ వాళ్ళకు ఏపీ ఈఏపీసెట్ ఉంది. కారు కొనలేకపోవచ్చు, కారు చేసేవాళ్ళలో ఒకరం కావచ్చు.

7. మీరే లెక్క కట్టండి

(1) మన హాస్టల్ గేటు ముందు రోడ్డు వెడల్పును అడుగులతో కొలవండి. అందరికంటే చిన్న తమ్ముడు దాన్ని దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళ ఎదుట గడియారం పెట్టి చూడండి.

(2) గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఆ సమయంలో ఎన్ని మీటర్లు వస్తుంది? (సూచన: 60ని 3.6తో భాగించండి.)

(3) గేటు దగ్గర నిలబడితే రోడ్డు రెండు వైపులా ఎంత దూరం కనబడుతోంది? అది రెండో జవాబు కంటే తక్కువైతే అక్కడ స్పీడ్ బ్రేకర్ కావాలని అర్థం. మీ లెక్కను తెల్ల కాగితం మీద శుభ్రంగా రాసి, వార్డెన్ గారి ద్వారా పంచాయతీకి అర్జీ పెట్టండి.